సాంగ్స్ ద లార్డ్ టాట్ అస్

అమెరికన్ పంక్ బృందం ద క్రాంప్స్ 1980లో వెలువరించిన తొలి పూర్తి నిడివి ఆల్బమ్ ఇది. 1950ల నాటి రాకబిల్లీని పంక్ దూకుడుతో, చవకబారు భయానక చిత్రాల వాసనతో కలిపితే పుట్టిన సైకోబిల్లీకి దీన్నే మూలంగా చెప్పాలి. రికార్డింగు మెంఫిస్‌లో, ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డులు తీసుకొచ్చిన శామ్ ఫిలిప్స్‌కు చెందిన స్టూడియోలో జరిగింది. నిర్మాత అలెక్స్ చిల్టన్. 1976లో న్యూయార్క్‌లో ఏర్పడి, సీబీజీబీ క్లబ్బు చుట్టూ ఎదిగిన పంక్ బృందం పని కట్టుకుని రాకబిల్లీ పుట్టింటికి వెళ్లడంలోనే దాని ఉద్దేశం కనిపిస్తుంది. ఆనాటి పంక్ చాలావరకు పాత రాక్‌ను తోసిపుచ్చే ధోరణిలో ఉండగా, క్రాంప్స్ మాత్రం అసలు తిరుగుబాటు ఆ పాత రికార్డుల్లోనే ఉందని వాదించినట్టు వాయించారు.

దీన్ని సైకోబిల్లీ అనడానికి కొందరు ఒప్పుకోరు. తీగలను చరిచి వాయించే నిలువు బాస్ ఆ శైలికి గుర్తు. ఇందులో అసలు బాసే లేదు. లండన్ బృందం ద మీటియర్స్ 1981లో తెచ్చిన 'ఇన్ హెవెన్'లో అది ఉంది కాబట్టి ఆ గౌరవం దానిదే అంటారు. పైగా క్రాంప్స్ ఆ ముద్రను తర్వాత కాదన్నారు, తమ కరపత్రాల మీద దాన్ని మొదట వేసుకున్నది వాళ్లే అయినా. వాయిద్యాల జాబితాతో తేల్చేటట్టయితే అభ్యంతరం సబబే. కానీ వినిపించేది వేరు. బ్రయన్ గ్రెగరీ గిటార్ గరగరలే అడుగు స్థాయిని నింపుతాయి; పాయిజన్ ఐవీ వాయించే పదునైన స్వరాలు, నిక్ నాక్స్ పొదుపైన డ్రమ్ములు పైన నిలబడతాయి. జానీ బర్నెట్ బృందం 1956లో పాడిన 'టేర్ ఇట్ అప్'ను గాయకుడు లక్స్ ఇంటీరియర్ ఎక్కిళ్లతో, అరుపులతో చీల్చి పోగులు పెడతాడు. ఇంకో పాట పేరు 1957 నాటి 'ఐ వాజ్ ఎ టీనేజ్ వేర్‌వుల్ఫ్' చిత్రానిదే. మీటియర్స్ దగ్గర వేగం, బాస్ కొత్తవి. దెయ్యాల లోకం మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది.

పాత పాటలు ఎక్కువ కదా, ఇది వట్టి గతకాలపు మోజు కాదా అన్న ప్రశ్నకు చివరి పాట 'ఫీవర్' జవాబు. లిటిల్ విల్లీ జాన్ పాడినదాన్ని వీళ్లు ఇంకా నిదానంగా, జ్వరంలో కలవరించినట్టు పాడారు. తర్వాతి సైకోబిల్లీ బృందాల్లో చాలామంది వేగాన్నే పట్టుకున్నారు, ఈ నిదానం జోలికి పోలేదు.