షరాబ్ కూజా, నాలుగున్నర శతాబ్దాల జుర్మానా

ఈ సెప్టెంబరులో మా భాంజా మాస్టర్స్ చదవడానికి ఇంగ్లాండు వెళ్తున్నాడు. వీసా వచ్చింది, సూట్‌కేసులు కొన్నారు, ఏ పచ్చడి ఎన్ని కిలోలో కూడా తేలిపోయింది. మొన్న జుమా రోజు అందరం దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు ఆపా మెల్లగా అడిగింది: "అక్కడ పిల్లలు బాగా తాగుతారంట కదరా. యూనివర్సిటీ వాళ్లు చూసుకోరా?"

తాగుతారా అన్నదానికి జవాబ్ తేలికే. చూసుకుంటారా అన్న సవాల్‌కి మాత్రం తారీఖ్ తిరగేయాల్సి వచ్చింది. ఆపాకి చెప్పిందే మీకూ చెబుతున్నాను, ఇంకాస్త వివరంగా.

యూరప్‌లో యూనివర్సిటీలు ఎంత పాతవో, షరాబ్ దుకాణంలో విద్యార్థుల తగాదాలూ ఇంచుమించు అంత పాతవి. 1229లో పారిస్ శివారు సెయింట్ మార్సెల్‌లో పండుగ పూట కొందరు విద్యార్థులు తాగి, బిల్లు దగ్గర గొడవపడి తన్నులు తిన్నారు. మర్నాడు కర్రలతో తిరిగొచ్చి దుకాణం ధ్వంసం చేశారు. రాణి బ్లాంష్ హుకుమ్‌తో సిపాయిలు విరుచుకుపడి కొందరు విద్యార్థులను చంపేశారు. ఆ జుల్మ్‌కి నిరసనగా ఉస్తాదులు పాఠాలు ఆపి ఊరొదిలి వెళ్లిపోయారు. వాళ్లలో కొందరిని ఇంగ్లాండు రాజు మూడో హెన్రీ పిలిపించుకుంటే ఆక్స్‌ఫర్డ్ చేరారు. చివరికి 1231లో పోప్ తొమ్మిదో గ్రెగరీ కలగజేసుకుని యూనివర్సిటీకి తన నియమాలు తానే రాసుకునే హక్కు ఇచ్చాడు. తాగుడు సంగతి ఎక్కడో వెనకబడిపోయింది.

ఆక్స్‌ఫర్డ్ కథ ఇంతకన్నా ఘోరం. 1355 ఫిబ్రవరి 10, సెయింట్ స్కొలాస్టికా పండుగ రోజు. ఊరి నడిబొడ్డున, కార్ఫాక్స్ కూడలిలో, స్విండిల్‌స్టాక్ అనే షరాబ్‌ఖానా. ఇద్దరు విద్యార్థులు వైన్ బాగాలేదన్నారు. దుకాణదారు ఎదురు జవాబ్ చెప్పాడు. వాళ్లు కూజా ఎత్తి అతని తలకేసి కొట్టారు. అంతే! ఊరి వాళ్లను పిలుస్తూ సెయింట్ మార్టిన్ చర్చి గంట మోగింది, విద్యార్థులను పిలుస్తూ సెయింట్ మేరీ చర్చి గంట మోగింది. బాణాలు తీశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ఊళ్లోకి దిగారు. మూడు రోజుల్లో 63 మంది విద్యార్థులు, దాదాపు 30 మంది ఊరివాళ్లు చనిపోయారని చెబుతారు. ఒక కూజా వైన్ కోసం!

ఆ రోజుల్లో విద్యార్థులు చర్చి మనుషుల కింద లెక్క. ఊరి కచేరీ వాళ్లను ముట్టుకోవడానికి లేదు. అంచేత వైన్ విసిరిన పక్షానికి మాఫీ, దుకాణం నడిపిన ఊరికి సజా. మూడో ఎడ్వర్డ్ రాజు ఊరిమీద యూనివర్సిటీకి కొత్త అధికారాలిచ్చాడు: రొట్టె ధర, బీరు నాణ్యత, తూకాలు, కొలతలు అన్నీ ఇక యూనివర్సిటీ చేతిలో. అంటే తాగి గొడవపడ్డ పిల్లల యూనివర్సిటీకే తాగేదాని మీద హుకూమత్ దక్కింది! అది చాలక ఏటా ఆ రోజున మేయరూ, అరవై మందికి పైగా ఊరి పెద్దలూ చర్చికి నడిచి వెళ్లి, మనిషికో పెన్నీ సమర్పించాలి. కఫ్ఫారా అన్నమాట. తాతలు చేసినదానికి మనవళ్ల మునిమనవళ్లు కూడా కట్టారు. 1825లో ఒక మేయరు ఇక రానన్నాకే అది ఆగింది. 600 ఏళ్లు నిండిన 1955లో మేయరుకు యూనివర్సిటీ గౌరవ డిగ్రీ ఇచ్చి, వైస్ చాన్సలర్‌కు ఊరు గౌరవ పౌరసత్వం ఇచ్చి సులహ్ చేసుకున్నారు.

ఇది చదివినప్పుడు నా హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. మా మెస్ వెనక సీసాలు దొరికాయి. తాగింది నలుగురు. ఉత్తరం ఇంటికి వెళ్లింది మాత్రం ఫీజు బాకీ ఉన్న కుర్రాడి ఒక్కడిదే. ఖైర్, వదిలేయండి.

ఆ తర్వాత యూనివర్సిటీ తాగుడు మాన్పించిందా అంటే, లేదు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు భోజనంతో పాటు బీరు వడ్డించేవి, కొన్ని సొంతంగా కాచుకునేవి. క్వీన్స్ కాలేజీ బీరు బట్టీ 1939 దాకా నడిచింది. అదే విద్యార్థి గేటు దాటి ఊళ్లో పబ్బుకి వెళ్తే మాత్రం ప్రాక్టర్లు అనే అధికారులు పట్టుకుని జుర్మానా వేసేవారు. వాళ్ల వెంట గుండ్రటి టోపీలు పెట్టుకున్న యూనివర్సిటీ పోలీసులు, పేరు 'బుల్‌డాగ్‌లు'. ఈ పహారా ఇరవయ్యో శతాబ్దంలోకీ సాగింది. లోపల తాగితే రివాజు, బయట తాగితే జుర్మ్! వాళ్ల ఫికర్ అంతా ఇజ్జత్ గురించేనని నా అనుమానం, పిల్లాడి ఆరోగ్యం గురించి కాదు.

అయితే ఆపా తెలుసుకోవలసిన తేదీ ఇవేవీ కావు: 1970 జనవరి 1. అంతకుముందు ఇంగ్లాండులో 21 నిండే దాకా మైనరే, కాబట్టి కాలేజీ తల్లిదండ్రుల స్థానంలో నిలబడేది. ఆ రోజు నుంచి 18 నిండితే చాలు, పెద్దమనిషి. పబ్బులో తాగడానికీ అదే వయసు. ఇప్పుడు నీ కొడుకు తాగినా, తాగి పడిపోయినా, యూనివర్సిటీ నీకు మామూలుగా ఫోన్ చెయ్యదు. వాడి అనుమతి లేకుండా వాడి సంగతి నీకు చెప్పరు.

ఇది చెప్పాక ఆపా చాలాసేపు మాట్లాడలేదు. ఆమె భయాన్ని నేనే పెంచానేమో.

అయితే మరో సంగతి కూడా ఉంది. విద్యార్థులను ఊరి నుంచి కాపాడటమో, పబ్బు నుంచి తరమడమో చేసిన యూనివర్సిటీలు ఈ మధ్య తాగనివాళ్లు కూడా ఉంటారని గుర్తించడం మొదలుపెట్టాయి. మొదటి వారం స్వాగతాలన్నీ బార్ చుట్టూ తిరిగితే ముసల్మాను పిల్లలే కాదు, తాగడం ఇష్టంలేని ఇంగ్లీషు పిల్లలూ గదుల్లో ఒంటరిగా మిగిలిపోతున్నారని తెలిసింది. అందుకే షరాబ్ లేని కార్యక్రమాలు, కొన్నిచోట్ల షరాబ్ లేని ఫ్లాట్లు. అడిగినవాళ్లకే ఇస్తారు.

భాంజా హాస్టల్ ఫారంలో ఆ గడి ఉంది. "మామూ, టిక్ పెడితే దోస్తులు దొరుకుతారంటావా?" అని అడిగాడు. దొరుకుతారని కసమ్ తిని చెప్పలేను కదా. "నీ ఫారం, నీ ఇష్టం బేటా" అన్నాను. రాత్రి పదకొండు దాటాక మెసేజ్ పెట్టాడు, టిక్ పెట్టానని. అమ్మీకి తనే చెప్తాడట, నన్ను చెప్పొద్దన్నాడు.