జేజే శోభ: నడవలేని కాలితోనే ఒలింపిక్స్‌లో 800 మీటర్లు.. ఆ రికార్డు ఇప్పటికీ ఆమెదే!

2004 ఏథెన్స్ ఒలింపిక్స్. మహిళల హెప్టాథ్లాన్ రెండో రోజు. జావెలిన్ త్రోలో భారత అథ్లెట్ జేజే శోభ చీలమండకు గాయమైంది. నడవలేని పరిస్థితి. ఆమెను మైదానం నుంచి మోసుకెళ్లారు. ఇంకా ఒక్క ఈవెంటే మిగిలుంది. అదీ 800 మీటర్ల పరుగు!

కాసేపటికి కాలికి గట్టిగా కట్టు కట్టించుకుని శోభ మళ్లీ ట్రాక్ మీదికొచ్చింది. రెండు రౌండ్లూ పూర్తి చేసింది. మొత్తం 6172 పాయింట్లతో 11వ స్థానంలో నిలిచింది.

పతకం రాదని తెలిసీ ఎందుకు పరిగెత్తినట్టు? హెప్టాథ్లాన్ రూల్ అలాంటిది మరి. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు.. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు. ఈ ఏడింటిలో ఒక్కదానికి దిగకపోయినా పోటీ నుంచి తప్పుకున్నట్టే లెక్క. తుది జాబితాలో పేరే ఉండదు. అంటే శోభ ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండిపోయి ఉంటే, అప్పటిదాకా ఆరు ఈవెంట్లలో కూడబెట్టిన పాయింట్లన్నీ వృథా అయ్యేవి.

ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచిన స్వీడన్ స్టార్ కరోలినా క్లుఫ్ట్ స్కోరు 6952. ఆ లెక్కన శోభ చాలా వెనకే ఉంది. కానీ ఆమె సొంత రికార్డుతో పోలిస్తే తేడా ఎంతో తెలుసా? 39 పాయింట్లే. 800 మీటర్లలో అది దాదాపు మూడు సెకన్లతో సమానం. గాయం లేకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఆ రికార్డు 6211 పాయింట్లు. ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు, 2004 మార్చిలో ఢిల్లీలో సాధించింది. అదే ఏడాదికి అర్జున అవార్డు కూడా దక్కింది.

శోభ సొంతూరు కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర పశుపతిహాళ్. అయితే ఆమెను మనమ్మాయే అనుకోవడానికి కారణాలున్నాయి. దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం, సికింద్రాబాద్‌లో నివాసం. 2003లో హైదరాబాద్‌లో జరిగిన తొలి ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో హెప్టాథ్లాన్ స్వర్ణం కూడా ఆమెదే.

ఆసియా క్రీడల్లో మాత్రం రెండుసార్లూ కాంస్యంతోనే సరిపెట్టుకుంది. 2002 బుసాన్‌లో, 2006 దోహాలో. విచిత్రం ఏంటంటే ఆ రెండు చోట్లా రజతం గెలిచింది కూడా భారత అమ్మాయే, బెంగాల్‌కు చెందిన సోమా బిశ్వాస్! ఒకే దేశం నుంచి ఇద్దరు పోటాపోటీగా ఆడిన ఆ రోజులు భారత హెప్టాథ్లాన్‌కు నిజంగా మంచి రోజులు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోనూ శోభ బరిలోకి దిగింది కానీ ఏథెన్స్ నాటి ప్రదర్శన మళ్లీ రాలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో స్వప్నా బర్మన్ పంటి నొప్పితో చెంపకు టేప్ అంటించుకుని మరీ స్వర్ణం కొట్టింది. ఈ ఈవెంట్‌లో భారత్‌కు అదే తొలి ఆసియా క్రీడల స్వర్ణం. ఆమె స్కోరు 6026. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్స్‌లో 5941 పాయింట్లతో స్వర్ణం సాధించింది.

ఆసియా టైటిళ్లు గెలిచిన ఆ స్కోర్లతో చూసినా శోభ 6211 ఇంకా పైనే ఉంది. స్వప్న కంటే 185 పాయింట్లు, నందిని కంటే 270 పాయింట్లు ఎక్కువ.