సుంగై సిపుట్ పాత బజారు: ముగ్గురు దొరల కథ, వేల మంది కూలీల కథ

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పింది కాస్త సరిచేసి ఇక్కడ పెడుతున్నాను. డ్యూటీలో వినడం కుదరని వాళ్ళు తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

సుంగై సిపుట్ మలేషియాలో పేరాక్ రాష్ట్రంలో ఉంది. ఈపో నుంచి ఉత్తరంగా కువాలా కంగ్సార్ వెళ్ళే దారిలో వస్తుంది. మలయ్ భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. నత్తల ఏరు అన్నమాట. పేరు పక్కన ‘యు’ అని కూడా రాస్తారు. అది ‘ఉతారా’, అంటే ఉత్తరం. మెలాకాలో ఇదే పేరుతో ఇంకో ఊరుంది, అందుకని ఆ గుర్తు.

సెలవు రోజు వెళ్ళి పాత బజారంతా తిరిగాను. కింద కొట్టు, పైన ఇల్లు ఉండే రెండంతస్తుల వరసలు. కొట్ల ముందు ఎండావానా తగలకుండా నడిచే వరండాని ఇక్కడ ‘కాకి లీమా’ అంటారు, ఐదడుగులు అని అర్థం. చూడ్డానికి మామూలు బజారే. కానీ ఇది ఎవరి కోసం పెరిగిందంటే, చుట్టూ ఉన్న రబ్బరు తోటల్లో పనిచేసిన వాళ్ళ కోసం.

1877లో సింగపూర్‌కి 22 రబ్బరు మొక్కలు వస్తే, వాటిలో తొమ్మిదిని పక్కనే ఉన్న కువాలా కంగ్సార్‌లో నాటారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి కొండలూ లోయలూ రబ్బరు తోటలైపోయాయి. పాలు తీయడానికి మనుషులు కావాలి. కంగాణీలు మన వైపు ఊళ్ళకి వచ్చి, చుట్టాలనీ కులం వాళ్ళనీ పోగుచేసి ఓడ ఎక్కించేవారు. తమిళులు ఎక్కువ. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపు నుంచి తెలుగువాళ్ళూ వచ్చారు. పేరాక్‌లో మనవాళ్ళు ఎక్కువగా కింది వైపు, బాగన్ దాతో కొబ్బరి తోటల్లో స్థిరపడ్డారు. 1938లో ఇండియా ప్రభుత్వం ఈ కూలీల వలసని ఆపేసింది.

ఇక ఈ ఊరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కిన రోజు: 1948 జూన్ 16. పొద్దున్నే ఎల్ఫిల్ ఎస్టేట్‌లో వాకర్ దొరని ఆయన ఆఫీసులోనే కాల్చేశారు. కాసేపటికే ఫిన్ సూన్ ఎస్టేట్‌లో అలిసన్, క్రిస్టియన్ అనే ఇద్దర్ని కూడా చంపేశారు. చంపింది కమ్యూనిస్టు గెరిల్లాలు. రెండు రోజుల్లో మలయా అంతా ఎమర్జెన్సీ పెట్టారు. అది 1960 జూలై 31 దాకా, పన్నెండేళ్ళు సాగింది.

ఆ ముగ్గురి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కూలీలకి ఏమైందో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ హత్యలు జరిగిన నెలలోనే అతిపెద్ద కార్మిక సమాఖ్య రిజిస్ట్రేషన్ పోయింది. దాని అధ్యక్షుడు ఎస్.ఎ. గణపతిని 1949 మే 4న ఉరితీశారు. 1950 తర్వాత బ్రిగ్స్ ప్లాన్ కింద సుమారు ఐదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయుల్ని, ముళ్ళకంచె వేసిన కొత్త గ్రామాలకి తరలించారు. ఎస్టేట్ కూలీల లైన్లని కూడా ఒకచోటికి చేర్చి చుట్టూ కంచె వేశారు. బియ్యం కూడా లెక్కపెట్టి ఇచ్చేవారు.

ఆ తర్వాతి దెబ్బకి తుపాకీ అక్కర్లేకపోయింది. తెల్ల కంపెనీలు తోటలు అమ్మేసుకోవడం మొదలుపెట్టాయి. కొన్నవాళ్ళు వాటిని ముక్కలు చేసి అమ్మారు. లైన్ ఇల్లు కంపెనీదే కదా, పని పోతే ఇల్లూ పోయినట్టే. రెండు తరాలు బతికినా చేతిలో ఒక్క కాగితం ముక్క ఉండేది కాదు.

దీనికి జవాబు వెతికినాయన ఈ ఊరివాడే. వి.టి. సంబంతన్, 1919లో ఇక్కడే పుట్టారు. తర్వాత మంత్రి అయ్యారు. 1960లో జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం పెట్టి, తోట తోటకీ తిరిగి కూలీల దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేశారు. ఆ డబ్బుతో కెడాలో బుకిత్ సిడిం ఎస్టేట్ కొన్నారు. పాలు తీసే చేతులకే తోటలో వాటా వచ్చింది. అందరికీ అందలేదనుకోండి. 1969 తర్వాత పౌరసత్వం లేనివాళ్ళకి వర్క్ పర్మిట్ తప్పనిసరి చేశారు. ఇక్కడే పుట్టి పెరిగినా కాగితాలు లేక వేల మంది ఇండియా ఓడ ఎక్కాల్సి వచ్చింది.

కువైట్‌లోనో, దోహాలోనో, జొహోర్‌లోనో క్యాంపు మంచం మీద పడుకుని ఇది చదువుతున్న అన్నలకి, అక్కలకి నేను చెప్పేది ఒక్కటే. మనం ఉండే గది కూడా కంపెనీదే, వీసా కంపెనీ చేతిలోనిదే. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. ఆ రోజుల్లో వాళ్ళకి ఈ సంగతి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. మనకి ఆలస్యం కానక్కర్లేదు. పాస్‌పోర్టు, ఒప్పందం, జీతం రసీదులు ఫోటో తీసి ఇంటికి పంపి పెట్టుకోండి. నలుగురు కలిసి నెలకి కొంచెం కొంచెం దాచుకోండి. సంబంతన్ చేసింది అదే, కాకపోతే పెద్ద ఎత్తున.

మీ తాతముత్తాతల్లో మలయా వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి ఇంట్లో విన్నది వాయిస్ మెసేజ్‌గా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.