నల్లా వచ్చింది, మరి మోరి?

నీటి సరఫరా చరిత్ర పేరుతో మనకు దొరికేది ఎక్కువగా ఇంజనీర్ల చరిత్రే. ఏ నదికి అడ్డంగా ఏ కట్ట, ఏ ఏడు, ఎన్ని మైళ్ల గొట్టం - ఇవన్నీ అందులో ఉంటాయి. గొట్టం వీధి మొదట్లోనే ఆగిపోతే అక్కణ్ణుంచి వంటింటిదాకా బిందెలు మోసిందెవరో ఉండదు. వాడిన నీళ్లు ఎటు పోయాయో, ఎవరు ఎత్తిపోశారో అసలే ఉండదు. కోస్గి వైపు నుంచి చూస్తే ఈ మౌనం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ మురుగు కాలువల పథకం కూడా ఆయన సలహాలతోనే రూపుదిద్దుకుంది. ఆ ఆలోచనలో మంచినీళ్లు, మురుగు ఒకే ప్రశ్నకు రెండు సగాలు.

నగరం పెరిగే కొద్దీ ఈ రెండు సగాలూ విడిపోయాయి. శివార్లలో ముందు ప్లాట్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి. బోర్లు, ట్యాంకర్లతో రోజులు గడిచాయి. ఎప్పటికో నల్లా వచ్చింది. డ్రైనేజి ఇంకా తర్వాత. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసినప్పుడు, అప్పటికే జనం కాపురాలుంటున్న వందలాది కాలనీలకు, బస్తీలకు ఈ సేవలను కొత్తగా అందించాల్సి వచ్చింది. కట్టేసిన ఇళ్ల మధ్య గొట్టం వేయడం ఖాళీ నేలలో వేయడం లాంటిది కాదు. మంచినీళ్లు ఒత్తిడితో వస్తాయి కాబట్టి సందు ఎటు తిరిగితే గొట్టం అటు తిరుగుతుంది, కొంత ఎత్తు కూడా ఎక్కుతుంది. మురుగుకు మాత్రం వాలు కావాలి, లోతు కావాలి, మలుపు మలుపుకూ మ్యాన్‌హోల్ కావాలి. అందుకే ఇరుకు గల్లీలు, పల్లపు బస్తీలు ఎప్పుడూ చివరికే మిగులుతాయి. అక్కడ ఉండేదెవరో మనకు తెలుసు.

ఇంతకీ ఆ కందకాలు తవ్విందెవరు? ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా వినిపించేది. కోస్గి, మద్దూరు, కొడంగల్ ప్రాంతాల నుంచి బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు కుటుంబాలకు కుటుంబాలే వలసపోయాయి. మగవాళ్లు గడ్డపారతో తవ్వుతుంటే ఆడవాళ్లు తట్టలతో మన్ను మోశారు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా మట్టిపనిలో ఆడకూలి తక్కువగానే ఉండిపోయింది. ఆ గుడారాల దగ్గర నల్లా లేదు, మరుగు లేదు. నగరానికి గొట్టం వేసిన చేతులే తమ ఊళ్లో బోరింగు కొట్టి బిందె నింపుకున్నాయి.

నల్లగొండది ఇంకో విషాదం. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉందని 1930ల్లోనే గుర్తించారు. 2004లో నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి కృష్ణా నీళ్లు ఆ జిల్లా మీదుగానే హైదరాబాదుకు చేరాయి. వంకర తిరిగిన ఎముకలతో నడుం వంగని ఆడవాళ్లున్న ఊళ్లు ఇంకా రక్షిత నీటి కోసం ఎదురు చూస్తూనే ఉన్నాయి.

2016లో మొదలైన మిషన్ భగీరథ ఈ దూరాన్ని చాలావరకు తగ్గించింది. అది మన ఆడవాళ్ల మెడల మీది బరువు దించిందనడంలో సందేహం లేదు. అయితే దాని లెక్క చూడాలి. మనిషికి రోజుకు పల్లెలో 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, నగరపాలక సంస్థలో 150. కోస్గి 2018లో మున్సిపాలిటీ అయింది, అంటే కాగితం మీద 100 నుంచి 135కు మారింది. కేంద్ర ప్రభుత్వ పాత ప్రమాణాల్లో ఈ 135కు ఒక షరతు ఉండేది: భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న, లేదా వేయబోతున్న పట్టణానికే అది. లేని పట్టణానికి 70. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి వస్తుందన్నది ఇంజనీర్ల లెక్క. ఐదుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు.

భూగర్భ కాలువలు లేని చిన్న పట్టణంలో అవి ఎటు పోవాలి? మోరీలోకి, లేదా సెప్టిక్ ట్యాంకులోకి. మోరీ పొంగితే గడప ముందు ఊడ్చేది ఇంటి ఆడమనిషి. ట్యాంకు నిండితే దిగేది ఏ కులం వాళ్లో చెప్పనక్కర్లేదు. పొడి మరుగుదొడ్లను 1993 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ మరణాలకు సుప్రీంకోర్టు 2014లో పది లక్షలు, 2023లో ముప్పై లక్షలు పరిహారమన్నది. ఆ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది భర్త పోయిన ఆడమనిషే.

నీళ్లు మోసే పని తగ్గింది కదా అని స్త్రీవాదులమైన మనం ఇక్కడితో తృప్తి పడలేం. ఒక ఇంటి నడుం నొప్పి తగ్గి, ఇంకో ఇంటి ప్రాణం పోతుంటే దాన్ని సౌకర్యం అనలేం. నల్లాతో పాటే మురుగు దారి, ఆ దారి శుభ్రం చేయడానికి మనిషి కాక యంత్రం - ఈ మూడూ కలిస్తేనే ఒక కనెక్షన్. మున్సిపల్ అంచనాల కాగితాల్లో ఈ మూడింటికీ ఒకేసారి డబ్బు కేటాయించారా లేదా అని అడగడం కూడా మన రాజకీయమే.