ఫుల్సమ్: నిండుగా మొదలై వెగటుగా మారిన మాట

పండక్కి చేసిన బూరెలు మొదటి రెండూ అమృతంలా ఉంటాయి. నాలుగోది కొసరి వడ్డిస్తే చేయి అడ్డం పెడతాం. అయిదోదానికి మొహం మొత్తుతుంది. ఇంగ్లిష్‌లో 'ఫుల్సమ్' అనే విశేషణం ఏడు శతాబ్దాల్లో నడిచిన దారి దాదాపు ఇదే.

13వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాటకు సమృద్ధి అని అర్థం. 'ఫుల్' అంటే నిండు, దానికి 'సమ్' తోక. తరవాత బొద్దుగా, పుష్టిగా ఉన్న ఒంటికీ ఇదే మాట వాడారు. అక్కణ్నుంచి అతిగా తిన్న కడుపుకు, ఆపైన వెగటుకు చేరింది. మురికి అనే అర్థమున్న 'ఫౌల్' వినడానికి దగ్గరగా ఉండటమూ దాని పేరు చెడగొట్టి ఉంటుందంటారు.

షేక్‌స్పియర్ నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'లో ఆర్సినో ప్రభువు మళ్లీ పాత ప్రేమపాటే అందుకుంటాడేమోనని విసుక్కుంటూ ఒలీవియా ఈ మాటే వాడుతుంది. నాలుకకు కలిగే వెగటు అప్పటికే చెవికీ పాకింది.

పొగడ్తతో దీనికి గట్టి ముడి పడింది 17వ శతాబ్దంలో. ఆ రోజుల్లో పుస్తకం అమ్మకాలతోనే కవికి పొట్ట గడిచేది కాదు. ముందు పేజీల్లో ఓ ధనవంతుణ్ని కీర్తిస్తూ అంకితం రాస్తే బహుమానమో, కొలువో దక్కేది. మన ఆస్థాన కవులకూ కృతిభర్తలకూ ఉన్న లెక్కే అక్కడా ఉండేది. కవి జాన్ డ్రైడెన్ మిల్టన్ కావ్యాన్ని రంగస్థలం కోసం మలిచి, 1677లో అచ్చువేసినప్పుడు అంకితంలో యార్క్ డచెస్ అందాన్ని దైవత్వం దాకా ఎత్తేశాడు. ఆ ముఖస్తుతి అంత ప్రతిభావంతుడికి తలవంపులని దాదాపు వందేళ్ల తరవాత నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ మండిపడ్డాడు.

జాన్సన్ కోపానికి కారణముంది. 1755లో ఆయన నిఘంటువు వెలువడే వేళకు, ఏళ్ల తరబడి పట్టించుకోని పోషకుడు చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు ఉన్నట్టుండి దాన్ని మెచ్చుకుంటూ పత్రికలో రాశాడు. జాన్సన్ ఘాటైన ఉత్తరంతో జవాబిచ్చాడు. ఆ నిఘంటువులో 'పేట్రన్' (పోషకుడు)కు ఇచ్చిన అర్థంలోనూ అహంకారంతో ఆదుకుని, ముఖస్తుతిని ప్రతిఫలంగా పుచ్చుకునేవాడనే చురక ఉంది. 'ఫుల్సమ్' దగ్గర చెప్పిన మొదటి అర్థం వెగటు పుట్టించేది.

20వ శతాబ్దంలో కథ అడ్డం తిరిగింది. 'ఫుల్' ఒక్కటే చెవినపడ్డ వాళ్లు 'ఫుల్సమ్ ప్రెయిజ్' అంటే నిండైన మెప్పని రాయసాగారు. అది తప్పని భాషాపండితులు, పాత అర్థమే తిరిగొచ్చిందని వాడేవాళ్లు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఇప్పుడు రెండర్థాలూ ఇస్తూనే, అపార్థానికి తావుందని హెచ్చరిస్తోంది.

తెలుగులో 'భజన' కూడా ఇలాగే రెండు చోట్ల బతుకుతోంది. గుళ్లో అది భక్తి, ఆఫీసులో కాకా పట్టడం. సందర్భం చూస్తే చాలు, ఏ భజనో తెలుగువాడికి తెలిసిపోతుంది. 'ఫుల్సమ్'కు ఆ వెసులుబాటు తక్కువ. నాయకుడికి ఫుల్సమ్ ప్రెయిజ్ దక్కిందని ఇంగ్లిష్ వార్త వస్తే, తెలుగు డెస్కులో 'ప్రశంసల జల్లు' అని రాయాలో 'భట్రాజు పొగడ్తలు' అని రాయాలో తేల్చుకోవడానికి సబ్ ఎడిటర్ వార్తంతా మళ్లీ మొదట్నుంచి చదవాల్సిందే.