లిస్బన్ – పేటలు, కట్టడాలు

పోర్చుగల్ రాజధాని లిస్బన్, టాగస్ నది అట్లాంటిక్‌లో కలిసే చోట కొండల మీద వెలసిన నగరం. దాని నేటి రూపానికి ప్రధాన కారణం 1755 నవంబరు 1 నాటి భూకంపం. ఆ రోజు సకల పునీతుల పండుగ. చర్చిలు కిక్కిరిసి ఉన్నాయి. భూమి కంపించిన కొద్దిసేపటికే సునామీ, ఆపై రోజుల తరబడి మంటలు ఊరిలో చాలా భాగాన్ని మింగేశాయి.

నేలమట్టమైన బైషా పేటను, తరువాత పొంబల్ మార్క్విస్ బిరుదు పొందిన మంత్రి తిన్నని వీధులతో తిరిగి కట్టించాడు. ఇళ్ళ గోడల లోపల భూకంపాన్ని తట్టుకునే కర్ర చట్రాలు అమర్చారు. ఐరోపాలో ఇలాంటి తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. రాజభవనం కూలిన చోట, నదికి ఎదురుగా వాణిజ్య చౌక్ వెలిసింది. కార్మో మఠం చర్చి పైకప్పు మాత్రం మళ్ళీ లేవలేదు. దాని మొండి కమానులు ఇప్పటికీ ఆకాశం కిందే ఉన్నాయి.

మూర్ల (ఉత్తర ఆఫ్రికా ముస్లిముల) కాలపు ఇరుకు సందుల అల్ఫామా పేట చాలావరకు బతికి బయటపడింది. ఫాదో అనే పోర్చుగీసు సంప్రదాయ గానానికి ఇది పేరుపడ్డ చోటు. పైనున్న సావ్ జార్జ్ కోట పురాతనంగా కనిపిస్తుంది గానీ, ఇప్పటి బురుజుల్లో చాలా భాగం 20వ శతాబ్దపు పునరుద్ధరణే.

నగరానికి పడమటనున్న బెలేం పేటలో జెరోనిమోస్ మఠం ఉంది. 1501లో మొదలైన దాని నిర్మాణానికి సుగంధ ద్రవ్యాల వ్యాపారంపై వేసిన సుంకం తోడ్పడింది. అంటే ఆ రాతి నగిషీల వెనుక మలబారు మిరియాలూ ఉన్నాయి. వాస్కో డ గామా సమాధి ఇక్కడే. ఈ మఠాన్నీ, దగ్గరలోని బెలేం బురుజునూ యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.