ఆటవిడుపు వేళ పెద్దల చూపు



బడిగంట మ్రోగును. పిల్లలు బిలబిలమని బయటికి పరుగెత్తుదురు. పాఠము ముగిసినది గనుక తన పని యప్పటికి తీరినదని ఉపాధ్యాయుడు తలంచును. బడికి పంపితిమి గనుక తమ భారము తీరినదని తలిదండ్రులు తలంతురు. ఈ రెండు తలంపుల నడుమ చిక్కిన ఆటవిడుపు వేళ పిల్లవాని ప్రాణమునకు పూచీ యెవరు? ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండిన నాకు ఇది చిన్న ప్రశ్నగా తోచలేదు. దీనికి చరిత్ర చెప్పు సమాధానమును నేడు మీకు మనవి చేసెదను.

మన పూర్వపు వీధిబడిలో నీ ప్రశ్నకు తావు తక్కువ. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని బడుల లెక్కలు పంపుడని కలెక్టరుల నడిగెను. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కనబడుదురు. అందు తెలుగు బడులు 226. నేటి అనంతపురము సీమ నాడు ఆ జిల్లాలోనిదే. సగటున బడికి పన్నిద్దరో పదుమువ్వురో పిల్లలు. బడి యన్నది అరుగు మీదనో చావడిలోనో యుండెడిది. ఆకలి వేళకు పిల్లవాడు నాలుగడుగులు వేసి ఇల్లు చేరెడివాడు. త్రోవలో ప్రతి గడపయు వానిని చూచుచునే యుండెడిది.

ఆ బడులను మిక్కిలి పొగడుట నా యభిప్రాయము కాదు. ఉదయము ఆరు గంటలకు బడి తెరువగా మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న వ్రాసెడివారు. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. కోదండములును గుంజిళ్ళును ఆ నివేదికలోనే కలవు. అయినను అందొక మంచిమాట యున్నది. పెద్దపిల్లలు చిన్నవారికి అక్షరములు దిద్దించుచుండగా అయ్యవారు బడి నంతటిని ఒక కంట కనిపెట్టుచుండెడివాడట.

పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతి సీమకును ప్రాకినది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలకు 1789 మొదలు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్, ఇచటి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ రీతిని తన శాలలో నెలకొల్పెను. 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అంతట ఇంగ్లండులో ఒక్క గురువు క్రింద వందలకొలది పిల్లలు గల బడులు వెలసినవి. ఖర్చు తగ్గినది. కాని, ఆ ఒక్క గురువు చూపు అందరి మీదను నిలుచుట యెట్లు? పాఠమును పెద్దపిల్లవాడు చెప్పవచ్చును. ప్రాణమును కాచుట మాత్రము పెద్దవారి పనియే. ఆడుచున్న పిల్లవానికి మరియొక పిల్లవాడు కావలి కాజాలడు. వానికిని ఆట మీదనే కదా మనసు!

ఈ లోటును గుర్తించినవారు ఆ దేశములోనే పుట్టిరి. స్కాట్లండులోని న్యూ లానార్కు నూలు మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ 1816లో కూలివారి పసిపిల్లలకై విద్యాలయము తెరచి, వారి ఆటకు స్థలము నేర్పరచెను. 1820లో లండను నగరపు స్పిటల్‌ఫీల్డ్సులో శిశుపాఠశాల నడుప నారంభించిన శామ్యూల్ విల్డర్‌స్పిన్ ఇంకొక మెట్టెక్కెను. ఆటస్థలము కప్పులేని బడిగది యని యతని సిద్ధాంతము. ఆటస్థలమున పూలమడులును పండ్లచెట్లును పెంచి, కోయక చూచుట పిల్లలకు నేర్పవలె ననెను. గురువు అక్కడ పిల్లల నడుమనే యుండవలె ననెను. పలక ముందర అందరును బుద్ధిమంతులే. ఎవడు నెట్టునో, ఎవడు దాచుకొనునో, ఎవడు ఏడ్చువానిని లేవనెత్తునో ఆటలోనే తెలియును. కనుక ఆటవేళ కాపుండుట గురువునకు కావలిపని కాదు, బోధనలో భాగము.

ధర్మాసనమును ఈ త్రోవనే వచ్చినది. ఒక ఆంగ్ల పాఠశాలలో భాస్వరము గల సీసా బాలురకు చిక్కి ఒకనికి గాయము కాగా, 1893లో అక్కడి న్యాయస్థానము తీర్పు చెప్పెను. జాగరూకుడైన తండ్రి తన బిడ్డలను కాచు రీతిగా గురువు శిష్యులను కాచవలెనని ఆ తీర్పు సారము. గురువును తండ్రితో సమముగా నెంచు మన దేశమున కిది క్రొత్త మాట కాదు.

ఇక మన కాలమునకు వత్తము. సర్వోన్నత న్యాయస్థానము 2001లో బడిపిల్లలకు వండిన యన్నము పెట్టవలె నని యాజ్ఞాపించినది. 2003 నుండి మన రాష్ట్రమునను అది యమలైనది. ఇది గొప్ప మేలు. కాని దానితో మధ్యాహ్నపు విరామము ఇంటినుండి బడికి మారినది; బాధ్యతయు దానివెంటనే మారినది. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామమున పురుగుమందు కలిసిన బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. పిల్లలకు వడ్డించుటకు ముందు పెద్దవారొకరు రుచి చూడవలె నను నియమ మెందుకో ఆ 23 ప్రాణములే చెప్పును.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము, ప్రహరి లేక కంచె, మంచినీరు, వంటగది యుండవలె నని విధించినది. పిల్లలను కొట్టుటను నిషేధించినది. బడి యాజమాన్య సంఘమున ముప్పాతిక మంది తలిదండ్రులే యుండవలె ననినది. అనగా అడుగుటకు మీకు హక్కు కలదు.

నే నెరిగిన పద్ధతులు కొన్ని చెప్పెదను. ఆవరణ మంతయు కనబడు చోట ఒక ఉపాధ్యాయుడు నిలువవలెను. గదిలో కూర్చుండి కిటికీ గుండ చూచుట చాలదు. పసివారి ఆటచోటును పెద్దపిల్లల చెడుగుడు బరియు వేరువేరుగా నుండవలెను. గంటకు ముందు ఎందరో, గంట పిమ్మట ఎందరో లెక్కింపవలెను. తలుపు దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర, వంటసాల దగ్గర చూపు తప్పరాదు. ఒక్కరే ఉపాధ్యాయులున్న చోట ఆ అరగంటకు ఊరిలో తీరిక గల పెద్ద యొకరు తోడు నిలువవలెను. పాడునూతికి కప్పును, తెగిన తీగకు మరమ్మతును ఊరివారు పట్టుపట్టి చేయింపవలెను.

పిల్లలను ఆడవద్దని కట్టివేయుట కాపు కాదు. మోకాలు చెక్కుకుపోవుట ఆటలో భాగమే. ప్రాణము పోవుట మాత్రము పెద్దల యేమరుపాటు. ఆనాడు ప్రతి గడపకు నుండిన కన్ను నేడు ప్రహరి కావల నిలిచిపోయినది. దానిని మరల ఆటస్థలమునకు రప్పించుట మన చేతిలోని పని. ఈ వారము మీ ఊరి బడిని ఒక్కసారి విరామవేళ చూచి రండు.

సెలవు.